గరిటె దిగని అన్నం

చలికాలం పొద్దున ఆకుల కుప్ప మీంచి ఆవిరి లేస్తుంది.

సన్నగా... తెల్లగా... జామచెట్టు కొమ్మల దాకా.

జయమణి దాని మీదికి రెండు చేతులూ చాపి నిలబడుతుంది. లోపల కుళ్ళుతున్న ఆకుల వేడి అరచేతులకు తగులుతుంది. తడి మట్టి వాసన. పాత కాఫీపొడి వాసన. నిమ్మతొక్క వాసన. అవతల నాంపల్లి స్టేషన్‌లో ఏదో బండి బయలుదేరబోతోందని మైకులో ఒక గొంతు చెబుతుంటుంది. ఎవరెవరినో పిలుస్తుంటుంది. జయమణిని ఎవరూ పిలవరు.

ఆమెకు వెచ్చగా తగిలేది ఈ కుప్ప ఒక్కటే.

భర్త ప్రేమ్‌రాజ్ పోయాక ముందు మంచం చల్లబడింది. తర్వాత వంటగది చల్లబడింది. ఒక్క మనిషి కోసం స్టవ్ ఎంతసేపు వెలుగుతుంది? పొద్దున వండిన గిన్నెలోంచే రాత్రికీ తింటుంది. నిలబడే తింటుంది. తినేముందు మాత్రం కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంది — మాకు ఇచ్చిన ఈ ఆహారం కోసం స్తోత్రం, అని.

మాకు.

నాకు అనడం ఇంకా నోటికి రాలేదు. దేవుడు అర్థం చేసుకుంటాడులే అనుకుంటుంది.

స్టేషన్ రోడ్డు వెనక సందులో పాత ఇల్లు అది. నడుమ పెరడు. పెరటికి ఇటు రెండు గదులు, అటు రెండు గదులు. ఇటు జయమణి. మెదక్ మిషన్ హాస్టల్లో పెరిగి, ఆబిడ్స్‌లో ఒక ఆడపిల్లల బళ్ళో కుట్టు టీచరుగా చేసి రిటైరైన మనిషి. అటు కమలకుమారి, అమరేశ్వరరావు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో సెక్రటేరియట్ ఉద్యోగం వెంట బందరు నుంచి వచ్చి, ఇక్కడే ఉండిపోయిన వాళ్ళు. పిల్లలు ఈ ఇంట్లోనూ లేరు, ఆ ఇంట్లోనూ లేరు.

నడుమ కుప్ప. రెండిళ్ళకూ ఒకటే.

చూసేవాళ్ళకు చెత్తే. పెంచేవాళ్ళకు మాత్రం అది పసిబిడ్డ కడుపు. ఏది పడితే అది పెడితే అరగదు. హాస్టల్లో జిప్పోరా టీచరమ్మ అలాగే చెప్పేది. బీరతీగ పందిరి కింద పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కళ్ళ చేతా ఒప్పజెప్పించేది.

ఎముకలు వద్దు — పందికొక్కు వాసన పడుతుంది. నూనె తగిలింది వద్దు — ఆకుకు ఊపిరాడదు. పాలూ పెరుగూ వద్దు — ఊళ్ళో ఈగలన్నీ చుట్టాలైపోతాయి. మచ్చలొచ్చిన గులాబీ ఆకు వద్దు, ఆ తెగులు తిరిగి గులాబీకే వస్తుంది. పూతకొచ్చిన వయ్యారిభామ మొక్క అసలే వద్దు. ఒక్కటి వేస్తే చాలు, ఏడాది తిరిగేసరికి కుండీ కుండీలో అదే నవ్వుతుంటుంది. పిల్లి పెంట వద్దు, అందులోని పురుగులు మన కడుపులో చేరతాయి.

ఇక ఉడికిన అన్నం. అది వద్దే వద్దు. అన్నం ముద్దకట్టి గాలిని మింగేస్తుంది, పులుస్తుంది, కుప్ప చల్లబడి చచ్చిపోతుంది, అనేది టీచరమ్మ. ఆ చివరి మాటకు చిన్న పిల్లలు భయపడేవాళ్ళు.

జయమణి ఇవన్నీ కమలకుమారికి చెప్పింది. కమలకుమారి అన్నిటికీ తల ఊపింది. మెతుకుల మాట ఆమె చెవికెక్కిందో లేదో. తన వంతుగా ఒకటే చెప్పింది.

"ఎంగిలి మాత్రం పడకూడదండీ. ఈ మట్టి తులసికోటలోకి వెళ్తుంది."

నోట పెట్టిందేదీ, కంచంలో చెయ్యి తగిలిందేదీ కుప్పలోకి రాకూడదు. సగం కొరికిన జామకాయ కనిపిస్తే చాలు, పుల్లతో ఏరి గోడ అవతల పారేసేది. జయమణికి లోపల్లోపల నవ్వొచ్చేది. ఆ కాయను చిలక కొరికిందో మనిషి కొరికాడో తులసమ్మకు ఏం ఎరుక? కానీ పైకి అనలేదు. తన గులాబీలకు మచ్చాకు భయం, ఆమె తులసికి ఎంగిలి భయం. ఎవరి భయం వాళ్ళది.

అలా ఏళ్ళు గడిచాయి.

కంచాలు కలవలేదు. ఆ ఇంటి గడప ఈమె దాటలేదు, ఈ ఇంటి మంచినీళ్ళు ఆమె తాగలేదు. అందులో కోపమేమీ లేదు, అదొక అలవాటు. తొక్కలు మాత్రం కలిశాయి. ఆ ఇంటి బీరపొట్టు మీద ఈ ఇంటి వెల్లుల్లి పొట్టు. ఈ ఇంటి టీపొడి మీద ఆ ఇంటి కాఫీపొడి. వాన పడ్డాక ఏది ఎవరిదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

జయమణి ఆ తొక్కల్ని చదివేది.

ఒంటరి మనిషికి పక్కింటి తొక్కలే వార్తలు. గోంగూర కాడలు పడ్డాయంటే ఆదివారం. అరటిపువ్వు దొప్పలు పడ్డాయంటే అమరేశ్వరరావు సారుగారు మొజంజాహీ మార్కెట్ దాకా నడిచి వెళ్ళొచ్చారు, అంటే మోకాలి నొప్పి తగ్గింది. కందగడ్డ చెక్కు కనిపిస్తే, పాపం కమలమ్మ చేతులు దురద పెడుతున్నాయేమో అనుకునేది. ఎప్పుడూ అడగలేదు. అనుకునేది, అంతే. అనుకోవడానికి ఒకరుండడం కూడా ఆమెకు సగం తోడు.

ఇంకో సగం సారుగారి గొంతు. పొద్దున రేడియోలో వార్తలు వినడం, వాటిని తిరిగి పెద్ద గొంతుతో భార్యకు చెప్పడం. రేడియో కంటే ఆయనే గట్టిగా వినిపించేవాడు. జయమణి విసుక్కునేది. విసుక్కుంటూనే కిటికీ తెరిచి పెట్టుకునేది.

ఒకసారి సాయంత్రంపూట పెరట్లో, వేడి వేడి మొక్కజొన్న కంకి ఒకటి విరిచి సగం ఇవ్వబోయింది కమలకుమారికి. నిప్పుల మీద కాల్చిందే కదా, దీనికేం మైల అనుకుంది. కమలకుమారి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఆయన ఇంకా భోంచేయలేదండీ."

"సారు తినకుంటే మీరు పస్తేనా ఏంది?"

"పస్తేనండీ" అని నవ్వింది. "ఆయన తిన్నాక ఆ కంచంలోనే నేనూ తింటాను. పెళ్ళైనప్పటి నుంచీ అంతే. వేరే కంచంలో నాకు ముద్ద దిగదు."

జయమణి కంకి మొత్తం తనే తింది. తింటూ ఆ మాటకు కాసేపు నవ్వుకుంది, కాసేపు అసూయపడింది.

ఆ ఏడు క్రిస్మస్‌కు అక్క కొడుకు ఇవాన్ పెళ్ళాంపిల్లలతో వచ్చాడు. ఒక్క పూట. హిమాయత్‌నగర్ నుంచి బిర్యానీ పొట్లాలు పట్టుకొచ్చాడు. ఇల్లంతా గోల, పిల్లల కేకలు, టీవీ. జయమణికి ఆ గోల ఎంత నచ్చిందో చెప్పలేం. సాయంత్రం వెళ్ళిపోతూ ఇవాన్, పిన్నికి పని తప్పిద్దామని విస్తళ్ళన్నీ పోగేసి తీసుకెళ్ళి కుప్పలో పడేశాడు. మంచి మనసుతోనే.

కోడి ఎముకలు. నూనె కారే కాగితాలు. ఇంతమంది ఎంగిలి.

తెల్లారేసరికి పందికొక్కు కుప్పంతా తవ్విపోసింది. ఎముకలు తులసికోట దాకా చెల్లాచెదరుగా పడి ఉన్నాయి. జయమణి చీపురు పట్టుకుని పరుగెత్తుకొచ్చేసరికే కమలకుమారి అక్కడ నిలబడి ఉంది.

అరవలేదు. అరిచినా బాగుండేది.

"తులసిలోకి వెళ్ళే మట్టండీ ఇది" అంది. మెల్లగా. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

జయమణి ఎముకలన్నీ ఏరింది. పైమట్టి మొత్తం ఎత్తి పారబోసింది. కొత్త ఆకులు పేర్చింది. తప్పు నాది కాదు అని చెప్పడానికి ఆ తలుపు దాకా వెళ్ళి, తిరిగొచ్చింది. ఆ తర్వాత ఇద్దరూ వేర్వేరు వేళల్లో పెరట్లోకి రావడం మొదలైంది. ఒకరు తొక్కల రేకుడబ్బా తెస్తున్న చప్పుడైతే మరొకరు లోపలే ఆగేవారు.

కొత్త సంవత్సరం వచ్చింది. ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో నుమాయిష్ మొదలైంది. సాయంత్రమైతే నాంపల్లి అంతా జనం, పాటలు, జెయింట్ వీల్ దీపాలు. ఆ పాటలు గోడ దాటి పెరట్లోకి వచ్చేవి. వినడానికి పెరట్లో ఎవరూ ఉండేవాళ్ళు కాదు.

అప్పుడు పడింది అన్నం.

ఒకనాటి పొద్దున, కుప్ప మీద, తెల్లగా.

జయమణి చూసి నమ్మలేదు. మర్నాడూ పడింది. ఆ మర్నాడూ. ఎవరూ చూడకముందే వచ్చి, గిన్నె బోర్లించి, మీద రెండు ఆకులు కప్పి వెళ్ళిపోయినట్టుంది. బీరపొట్టు లేదు. గోంగూర కాడలు లేవు. తొక్కలన్నీ మాయమై అన్నం ఒక్కటే మిగిలింది.

ఓహో, అనుకుంది జయమణి. మీ ఎముకలు పడితే రాని తప్పు మా అన్నం పడితే వచ్చిందా — ఇదీ దీని అర్థం.

కోపమొచ్చింది. కోపం కంటే ఎక్కువ బాధేసింది. అడుగుదామంటే ఏ ముఖంతో అడుగుతుంది? క్రిస్మస్ ఎముకలు గొంతుకు అడ్డంపడేవి. అందుకే నోరు మూసుకుని, పుల్లతో పైపై అన్నాన్ని తీసి పారేసేది. లోపలికి దిగింది లోపలే ఉండిపోయేది. తర్వాత తర్వాత విసుగొచ్చి ఆ తీయడమూ మానేసింది.

కుప్ప పులవడం మొదలైంది.

మట్టి వాసన పోయింది. కల్లు కుండ వాసన వచ్చింది. చిన్న చిన్న ఈగలు. గోడ మూల కొత్త బొరియ. ఒక పొద్దున జయమణి ఎప్పటిలాగే చేతులు చాపింది. ఆవిరి లేదు. వేడి లేదు. అరచేతులకు ఉత్త చలిగాలి తగిలింది.

కుప్ప చల్లబడి చచ్చిపోతుంది... టీచరమ్మ అన్నదే నిజమైంది. ముసలితనంలో, ఒక చెత్తకుప్ప కోసం, జయమణికి కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఉన్న ఆ ఒక్కటీ కూడా ఉంచరా నాకు, అనుకుంది.

పార తెచ్చింది. ఇవ్వాళ అటో ఇటో తేల్చుకోవాలి. కుళ్ళిందంతా తవ్వి, తీసుకెళ్ళి ఆ గుమ్మం ముందు పోసి, ఇది ఏంది కమలమ్మా అని అడగాలి.

పైఆకుల్ని పక్కకు లాగింది. నిన్నటి అన్నం బయటపడింది.

పార ఆగిపోయింది.

అన్నం గిన్నె ఆకారంలోనే ఉంది. గుండ్రంగా, అంచు కూడా చెదరకుండా. బోర్లించిన గిన్నెను ఎత్తేస్తే ముద్ద ఎలా నిలుస్తుందో అలా. ఎక్కడా ఒక గుంట లేదు. ఒక పక్క తరిగి లేదు. గరిటె దిగిన గుర్తే లేదు.

వంగి చూసింది. కింద మొన్నటిది. అదీ అంతే. నిండు గిన్నె.

మిగిలిన అన్నం ఇలా ఉండదు. మిగిలిన అన్నానికి ఒక పక్క కోసుకుపోయి ఉంటుంది, గరిటె గాడి ఉంటుంది, మెతుకులు విడివిడిగా ఉంటాయి. ఇన్నేళ్ళు వండిన మనిషికి ఆ మాత్రం తెలుసు. ఇది మిగిలింది కాదు. ఎవరూ పెట్టుకోనిది.

ఎంగిలి పడకూడదన్న మనిషి, ఎంగిలి కాని అన్నమే వేసింది.

అంటే సారు తినలేదు. సారు తినకపోతే...

జయమణి పార మీద బరువు వేసి నిలబడింది. సారుగారి గొంతు ఎన్నాళ్ళుగా వినిపించడం లేదో అప్పుడు గుర్తొచ్చింది. రేడియో మోగుతూనే ఉంది. దాని మీద ఆయన గొంతు లేదు. కోపంలో కిటికీ మూసుకుని, తనే పట్టించుకోలేదు.

వెనక తలుపు కిర్రుమంది. కమలకుమారి. చేతిలో గిన్నె, మీద మూత. చీర ఒంటి మీద నిలవడం లేదు, అంత చిక్కిపోయింది. జయమణిని చూసి అక్కడే ఆగిపోయింది. తిరిగి వెళ్దామా అన్నట్టు చూసి, వెళ్ళలేక, గబగబా అంది.

"ఎంగిలి కాదండీ. ఒట్టు. ఎవరూ ముట్టుకోలేదు. అన్నం కదా... తీసుకెళ్ళి మునిసిపాలిటీ డబ్బాలో ఎలా వేస్తానండీ? తులసి మట్టిలోకైతే తప్పు లేదని..."

"గదే అడుగుతున్న" అంది జయమణి. "ఎవరూ ఎందుకు ముట్టలే?"

కమలకుమారి గిన్నెను కడుపుకు ఆనించుకుంది.

"గొంతులో పుండండీ ఆయనకు. మెతుకు దిగడం లేదు. పాలు, జావ... అవీ కష్టంగానే. పెద్దాసుపత్రిలో కరెంటు పెట్టాలన్నారు, అదే, రేడియేషన్. ఎవరికీ చెప్పొద్దన్నారు ఈయన. చూడ్డానికొస్తారు, జాలి పడతారు, అదంటే ఆయనకు గిట్టదు. ఇవాళ దిగుతుందేమో, ఇవాళ దిగుతుందేమో అని రోజూ వండుతూనే ఉన్నాను. మంచం దాకా తీసుకెళ్తే చెయ్యి ఊపేస్తారు. గేటు దగ్గర ఎవరికైనా పెడదామంటే, ఎందుకు మిగిలిందమ్మా అని అడుగుతారు కదండీ."

"మీరో?"

"నేను కాఫీ తాగుతున్నానండీ."

జయమణి ఆమె చెయ్యి పట్టుకోబోయింది. తన చేతికి కుళ్ళిన మట్టి అంటి ఉంది. చీర కొంగుకు తుడుచుకుంది. తుడుచుకున్నాక పట్టుకుంది. గిన్నె ఇంకా వేడిగా ఉంది. ఆ చెయ్యి మాత్రం చల్లగా ఉంది.

"ఇంట్లకి పదండి" అంది. "ఇది కుప్పలో పడేది కాదు."

జయమణి గడప దగ్గర ఆగిపోయింది, అలవాటుగా. అక్కడి నుంచే లోపలికి చూసింది. ఇరుకు గది. గోడకు ఆనించి మంచం. ఆయన దిండుకు ఆనుకుని ఉన్నాడు, మెడచుట్టూ తువ్వాలు చుట్టుకుని, పొడుగాటి కాళ్ళు మంచం దాటి గడపకు అడ్డంగా చాపుకుని. అంత గొంతున్న మనిషి ఇంత చిన్నగా ఉన్నాడేమిటి, అనుకుంది జయమణి. ఆయన ఆమెను చూసి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

తిప్పుకోనీ, అనుకుంది. జాలి కాదు, ఇది తగాదా.

"సార్, జర ఇటు చూడండి. మీ జబ్బు సంగతి అడగనీకి రాలే. మీరు తింటలేరని ఈమె తింటలేదు. మీకు ఎరుకేనా?"

ఆయన తల తిరిగింది. భార్య వైపు చూశాడు.

కమలకుమారి నేల చూసింది. వంటింట్లో తినేశానండీ అని రోజూ ఆమె చెప్పే అబద్ధం, ఎవరూ ఏమీ అనకుండానే ఆ గదిలో బయటపడిపోయింది.

రేడియోలో ఎవరో వ్యవసాయం గురించి చెప్పుకుపోతున్నారు.

తర్వాత ఆయన చెయ్యెత్తాడు. కంచం తెమ్మన్నట్టు వేళ్ళతో చూపించాడు.

ఆమె తెచ్చింది. మూత తీసి, గరిటెతో అన్నం పెట్టింది. చారు పోసింది. ఆయన మెల్లగా కలిపాడు. ఇన్నాళ్ళ ఆకలితో, ఇన్నాళ్ళ భయంతో కలిపాడు. ముద్ద చేయలేదు. ఒక్కటంటే ఒక్క మెతుకు వేలికొసన తీసుకుని నాలుక మీద పెట్టుకున్నాడు. నోరు మూసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. మెడనరాలు బిగిశాయి.

మింగాడో... మింగలేదో.

కళ్ళు తెరిచి, కంచాన్ని భార్య వైపు తోశాడు.

తిను. నేను తిన్నాను. గొంతు లేదు కాబట్టి ఆ మాట బయటికి రాలేదు. అయినా గదిలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళకూ వినిపించింది.

కమలకుమారి మంచం పక్కన నేల మీద కూలబడింది. కంచం ఒళ్ళోకి లాక్కుంది. ఏడుస్తూ తింది. పసిపిల్లలు తిన్నట్టు, కిందా మీదా పోసుకుంటూ తింది. ఆయన చెయ్యి ఆమె తల మీద ఉంది.

జయమణి చూస్తూ నిలబడింది. వెళ్ళిపోవాలని తెలుసు. ఇది తను చూడాల్సింది కాదు. ఒక మనిషి తిన్న కంచం కోసం ఇంకో మనిషి కాచుకుని ఉండటం... తన ఇంట్లో గిన్నె ఉంది, స్టవ్ ఉంది, నిన్నటి అన్నం ఉంది. దాని కోసం ఎవరూ కాచుకుని లేరు. దాన్ని ముందు ముట్టేవాళ్ళు లేరు. కాళ్ళు వెనక్కి తిప్పబోయింది.

కమలకుమారి ముద్ద దగ్గర ఆగి తలెత్తింది.

"మీరు తిన్నారా?"

ఆ మాటకు జయమణి సిద్ధంగా లేదు.

చర్చిలో బాగున్నారా అంటారు. గన్‌ఫౌండ్రీ బ్యాంకులో పింఛనుకు నిలబడితే ఇక్కడ సంతకం పెట్టమ్మా అంటారు. ఇవాన్ ఫోన్లో ఆరోగ్యం జాగ్రత్త పిన్నీ అంటాడు. ప్రేమ్‌రాజ్ పోయాక, తిన్నావా అని అడిగిన మనిషి లేడు.

అయిందమ్మా, అనబోయింది. గుమ్మంలో నిలబడి అడిగించుకున్నప్పుడు ఎవరైనా అనే మాటే అది.

"లేదు" అంది.

అన్నందుకు సిగ్గుపడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆగలేదు.

కమలకుమారి కుడిచెయ్యి కంచంలోనే ఉంచి, ఎడమచేత్తో గరిటె అందుకుంది. ఇంకో కంచం ఎక్కడ పెట్టానా అని గదంతా వెతుక్కుంటూ చూసింది.

జయమణి ఇంకా గడప ఇవతలే ఉంది.

మంచం మీద అమరేశ్వరరావు, గడపకు అడ్డంగా చాపుకున్న కాళ్ళను మెల్లగా వెనక్కి ముడుచుకున్నాడు.